పావు చుట్టు

హేడెన్ కాలేజీ వాళ్ల మైదానం కింద నీళ్ల గొట్టం పగిలిందన్న శుభవార్త నాకు మొక్కజొన్న లారీలోంచి వినిపించింది.

అక్టోబరు మొదటి వారం, పొద్దున పదకొండు గంటలు. నేను కాటా గదిలో ఉన్నాను. కోతల కాలంలో మా ఊరి ధాన్యం కొట్టు ముందు లారీలు మైలు పొడవున బారులు తీరతాయి. ఒక్కొక్కటే కాటా మీదికి ఎక్కాలి, నేను కిటికీలోంచి బరువు చీటీ అందించాలి, అది కదలాలి. కాలేజీలో నేను చదివింది వృక్షశాస్త్రం. మొక్కజొన్న కూడా వృక్షమే కదా, చదువుకి తగ్గ ఉద్యోగమే దొరికింది నీకు అంటాడు ఎమెట్. మాకు పెళ్లయి అప్పటికి రెండు నెలలు. అతను ఏమన్నా నాకు నవ్వొచ్చేది. ఇప్పటికీ వస్తుంది.

వెర్న్ గారు లారీ ఆపి అద్దం దించారు. డెబ్బై దాటిన మనిషి. చీటీ తీసుకోవడానికి చెయ్యి చాపి, తీసుకోకుండా అలాగే ఉంచారు.

"విన్నావా అమ్మాయ్, హేడెన్ వాళ్ల గడ్డి కింద పైపు పేలిందట. గోల్ స్తంభాల దగ్గర మోకాలు లోతు బురదట. ఎండాకాలం దాకా బాగవదట."

"అయ్యో పాపం."

"పాపమేంటి నీ మొహం. నవంబరు పదిహేను ఆట మన ఊరికొస్తోంది."

నేను కిటికీలోంచి సగం బయటికి వంగి ఆయన మోచెయ్యి పట్టుకుని ఊపేశాను. వెనకాల లారీవాడు హారన్ కొట్టాడు. వెర్న్ గారు తల బయటికి పెట్టి, "ఆగరా బాబూ, పిల్ల సంబరపడుతోంది" అని అరిచారు.

సంబరం ఎందుకంటే, ఏటా మా కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు ఆఖరి ఆట హేడెన్‌తోనే, ఒక ఏడు మా ఊళ్లో, ఒక ఏడు వాళ్ల ఊళ్లో. ఈ ఏడు వాళ్ల వంతు. ఎమెట్‌కి కాలేజీలో ఇదే ఆఖరి ఏడు. వాళ్ల ఊళ్లో ముగియాల్సిన అతని ఆట మా గడ్డి మీద ముగుస్తుందన్నమాట. పైగా హేడెన్‌ని మేము గెలిచి ఇరవై రెండేళ్లయింది. నేను పుట్టిన ఏడు గెలిచాం, అంతే.

ఎమెట్ పని ఏమిటో చెప్పాలి. బంతిని గోల్ స్తంభాల మధ్యకి తన్నాల్సి వచ్చినప్పుడు అతను వరస మధ్యలో నడుం వంచి నిలబడి, కోలగా ఉండే ఆ బంతిని కాళ్ల మధ్యనుంచి ఏడు గజాలు వెనక్కి విసురుతాడు. అక్కడ మోకాలి మీద కూర్చున్నవాడు దాన్ని పట్టి నేల మీద నిలబెడతాడు. మూడోవాడు వచ్చి తంతాడు. బంతికి ఒక పక్కన తెల్లని కుట్టు ఉంటుంది. పాదం ఆ కుట్టు మీద పడితే బంతి ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు. అందుకని ఆ ఏడు గజాల్లో బంతి లెక్కగా తిరగాలి, పట్టేవాడి చేతిలో పడేసరికి కుట్టు స్తంభాల వైపు చూస్తూ ఉండాలి. మూడేళ్లుగా ఎమెట్ ఈ పని చేస్తున్నాడు. ఆ మూడేళ్లలో ఊళ్లో అతని పేరు ఎవరూ ఎత్తలేదు. ఈ పనిలో అంతకంటే గొప్ప లేదు. తప్పు జరిగితేనే పేరు బయటికొస్తుంది.

ఈ సెప్టెంబరులో బయటికొచ్చింది. కుట్టు పావు చుట్టు తక్కువగా తిరిగి వస్తోంది. పట్టేవాడు దాన్ని సరిచేసేలోగా అవతలివాళ్లు మీదికొచ్చేస్తున్నారు. రెండు వారాల్లో రెండు తన్నులు వాళ్ల చేతులకి తగిలి కింద పడ్డాయి.

"నువ్వు వండిపెట్టడం ఎక్కువైంది అమ్మాయ్" అని వెర్న్ గారు చీటీ తీసుకుంటూ చెప్పారు. "వంగితే పొట్ట అడ్డొస్తోంది వాడికి."

"వంట తనే చేస్తాడండి. నాకు గుడ్డు ఉడకబెట్టడమే వచ్చు."

"అయితే బెంగతో చిక్కిపోయాడు. ఏదో ఒకటి. పెళ్లికి ముందు బాగానే విసిరేవాడు కదా."

ఊరంతా అదే మాట. పెళ్లికి ముందు బాగానే విసిరేవాడు.

నాకు కోపం రాలేదు. ఆ రోజుల్లో నాకు దేనిమీదా కోపం వచ్చేది కాదు. పశువుల దాణా కొట్టు వెనక మేము అద్దెకున్న ఇల్లు రెండు గదులు. తలుపు మూస్తే కిటికీ తెరుచుకునేది. ఆ కిటికీ మీద కూడా నాకు ప్రేమే. సాయంత్రం అయిదింటికి అతని బూట్ల చప్పుడు పక్క సందులోంచి వినిపిస్తే, వంటగదిలో ఉన్నదాన్ని గబగబా కుర్చీలో కూర్చుని పుస్తకం పట్టుకునేదాన్ని, ఎదురుచూడనట్టు. పుస్తకం తలకిందులుగా ఉందని అతను రెండుసార్లు చెప్పాడు.

తర్వాత పెరట్లోకి వెళ్లేవాళ్లం. బట్టలారేసే తీగ దగ్గర నేను మోకాళ్ల కింద పాత దిండు వేసుకుని కూర్చునేదాన్ని. ఏడు గజాల అవతల అతను వంగేవాడు. కాళ్ల మధ్యనుంచి తలకిందులుగా అతని మొహం, ఎర్రగా, నన్నే చూస్తూ. పెళ్లయిన కొత్తలో భర్తను తలకిందులుగా చూసినన్నిసార్లు తిన్నగా చూడలేదు నేను. బంతి వచ్చి అరచేతుల్లో చప్పున పడేది. మొదట్లో వేళ్లు వాచాయి. అక్టోబరు నెలాఖరుకి కళ్లు మూసుకుని కూడా కుట్టు ఎటుందో చెప్పగలిగేదాన్ని.

"పావు తక్కువ" అనేదాన్ని.

"ఇంకోటి."

"పావు తక్కువ."

"ఇంకోటి వేస్తా."

రోజుకి అరవై. అతను విసుక్కునేవాడు కాదు. మడమలు మార్చి చూశాడు, నడుం ఎత్తు మార్చాడు, ఊపిరి పట్టి విసిరాడు, వదిలి విసిరాడు. ఒకసారి నన్ను పాట పాడమన్నాడు. పాడితే సగం చుట్టు తక్కువగా వచ్చింది. ఆ పాట మళ్లీ పాడొద్దన్నాడు.

నవంబరు ఎనిమిది, శనివారం. ఆ వారం పరాయి ఊళ్లో ఆడి సాయంత్రానికి తిరిగొచ్చారు. ఆట గెలిచారు, కానీ ఇంకో తన్ను పోయింది. ఎమెట్ స్నానానికి వెళ్లాడు. నేను వంటగది బల్ల దగ్గర కూర్చుని, మేము పెరట్లో వాడే బంతిని తడిగుడ్డతో తుడుస్తున్నాను. తోలు మీద ఒకచోట బూడిదరంగు మరక, వేలెడంత. జిగురుగా ఉంది. గుడ్డకి పోలేదు. గోటితో గీకితే వచ్చింది. దారపు పోగులు, జిగురు, మట్టి.

బంతి విసిరేటప్పుడు ఎమెట్ తన పెళ్లి ఉంగరం మీద చుట్టే తెల్ల టేపు అది.

నేను బంతిని అతను పట్టుకునే పద్ధతిలో పట్టుకుని చూశాను. కుడిచెయ్యి కుట్టు మీద. ఎడమచెయ్యి పైనుంచి, దారి చూపడానికి. ఎడమచేతి ఉంగరపు వేలు సరిగ్గా మరక మీద పడింది. బంతి వదిలేటప్పుడు ఉంగరం తోలుని ఒక్క వెంట్రుకవాసి పట్టి ఆపుతోంది. అదే పావు చుట్టు.

ఊరివాళ్లు చెప్పింది నిజమే. పెళ్లి వల్లే.

ఎమెట్ తల తుడుచుకుంటూ వచ్చి, "ఏంటంత దీక్షగా తుడుస్తున్నావ్?" అన్నాడు.

"మురికి" అన్నాను. బంతి బల్ల కింద పెట్టేశాను.

ఎందుకు చెప్పలేదో చెప్పడం కష్టం. పెళ్లిరోజు, చర్చి కింది హాల్లో కేకు కోసేటప్పుడు, అతని వేలు పట్టుకుని, "ఇది తీసిన రోజు నువ్వు పెళ్లికానివాడివే. గుమ్మంలోకి రానివ్వను" అన్నాను. అందరూ నవ్వారు. అందరూ నవ్వారని మళ్లీ అన్నాను. అతను ఆ ఉంగరాన్ని అప్పటినుంచి తియ్యలేదు. పిండి పిసికేటప్పుడు కూడా. జట్టులో పెళ్లయినవాడు అతనొక్కడే. అందరిలో ఆ వేలికి చుట్టిన తెల్ల టేపు చూసి నేను దూరంనుంచి అతన్ని గుర్తుపట్టేదాన్ని. ఆ టేపు చూసినప్పుడల్లా నాకు కడుపు నిండినట్టు ఉండేది. అదొక్కటీ ఇంకొన్నాళ్లు ఉండనీ అనుకున్నాను. రేపు చెబుదాం అనుకున్నాను. ఆదివారం చెప్పలేదు.

సోమవారం మధ్యాహ్నం జట్టంతా బెంచీలు మోసింది. మా మైదానంలో రెండువేలమందికే చోటు. హేడెన్ ఆటకి నాలుగువేలు వస్తారని అంచనా. అందుకని ఊళ్లోని రెండు చర్చిలూ తమ బెంచీలు ఇస్తామన్నాయి. వెర్న్ గారి ట్రక్కు మీద అవి వస్తుంటే, కుర్రాళ్లు దించి గడ్డి పక్కన వరసలు పేరుస్తున్నారు. నేను భోజనం విరామంలో రాజ్మా వేసిన గొడ్డుమాంసం కూర, దాల్చినచెక్క బన్నులు పట్టుకెళ్లాను. వండింది ఎమెటే. మోసింది నేను.

"లూథరన్లవి ముందు వేయండ్రా" అని వెర్న్ గారు ట్రక్కు మీదనుంచి పురమాయిస్తున్నారు. "గట్టివి. క్యాథలిక్కులవి మెత్తలున్నాయి, నిద్రొస్తుంది."

"మీరు ఏ చర్చికండీ?" అని ఒక కుర్రాడు అడిగాడు.

"నిద్రొచ్చేదానికి."

కోచ్ డ్రూక్ గారు నా చేతిలోంచి గిన్నె అందుకున్నారు. ముప్ఫై ఏళ్లుగా జట్టుని చూస్తున్న మనిషి, ఎప్పుడూ మెల్లగానే మాట్లాడతారు. ఒక ముద్ద తిని, బెంచీ మోస్తున్న ఎమెట్ వైపు చూశారు.

"నీకు ముందే చెప్పడం మంచిదమ్మా. గురువారం ఎమెట్‌కీ గ్రేడీకీ ఇరవయ్యేసి బంతులు. ఎవరి కుట్టు ఎక్కువసార్లు ముందుకి చూస్తే శనివారం వాళ్లు వంగుతారు."

గ్రేడీ రెండో ఏడాది కుర్రాడు. పడమటివైపు గడ్డిభూముల్లో ఆవుల మందలున్న ఇంటినుంచి వచ్చాడు. మాట్లాడితే ఎక్కడ ఖర్చయిపోతుందో అన్నట్టు ఉంటాడు. ఎమెట్‌తో కలిసి అదే బెంచీకి రెండో కొస పట్టుకుని నడుస్తున్నాడు.

"ఎమెట్‌కి తెలుసా?"

"పొద్దున చెప్పాను. సరే కోచ్ అన్నాడు. వాడెప్పుడూ అంతేగా" అన్నారు డ్రూక్ గారు. తర్వాత, "ఈ కూర నువ్వు చేశావా?" అన్నారు.

"లేదండి."

"అనుకున్నా."

ఆ సాయంత్రం అరవై పట్టాను. అరవైసార్లూ పావు తక్కువ అన్నాను. నా గొంతు నాకే నచ్చలేదు.

మంగళవారం పనినుంచి వచ్చి కోటు కూడా విప్పకుండా చెప్పాను. అతను ఉల్లిపాయలు తరుగుతున్నాడు.

"ఎమెట్, అది ఉంగరం."

కత్తి ఆగింది.

"బంతి మీద టేపు జిగురు అంటుకుంది. శనివారం చూశాను. నీ ఉంగరం తోలుని పట్టుకుంటోంది."

"తెలుసు" అన్నాడు.

"ఏం తెలుసు?"

"ఉంగరమని."

"ఎప్పట్నుంచి?"

అతను ఉల్లిపాయ ముక్కల్ని కత్తితో ఒక పక్కకి నెట్టాడు. "సెప్టెంబరు నుంచి. మొదటి తన్ను పోయిన రోజు."

నేను కుర్చీలో కూర్చున్నాను.

"మరి తియ్యలేదేం?"

"నువ్వు వద్దన్నావుగా."

"నవ్వులకి అన్నాను."

"నవ్వుతూనే అన్నావు" అన్నాడు. "కానీ రెండుసార్లు అన్నావు."

బయట దాణా కొట్టు లారీ ఏదో వెనక్కి వెళుతోంది. నేను లేచి అతని ఎడమచెయ్యి పట్టుకుని కుళాయి దగ్గరికి లాక్కెళ్లాను.

అది రాలేదు. మూడు నెలలు బంతులు విసిరి వేలు లావెక్కింది. గిన్నెల సబ్బు రాశాం. వెన్న రాశాం. అతను చెయ్యి తలపైకెత్తి అయిదు నిమిషాలు నిలబడ్డాడు, క్లాసులో ప్రశ్న అడగాలనుకున్నవాడిలా. చివరికి మా అమ్మకి ఫోన్ చేస్తే దారంతో చెయ్యమంది. దారం ఒక కొస ఉంగరం కిందనుంచి దూర్చి, మిగతాది కణుపు దాకా వేలికి బిగువుగా చుట్టి, కింది కొస పట్టుకుని మెల్లగా విప్పుతూ వచ్చాను. చుట్టు విడినప్పుడల్లా ఉంగరం చీమంత జరిగింది. అతను పళ్లు బిగించి నా నడినెత్తి వైపు చూస్తూ నిలబడ్డాడు. కణుపు దాటగానే జారి నా అరచేతిలో పడింది.

అతని వేలు మీద తెల్లని చార మిగిలింది.

"గుమ్మంలో ఉన్నాను" అన్నాడు. "లోపలికి రావచ్చా?"

ఉంగరం నా బొటనవేలికి పెట్టుకుని, దిండు తీసుకుని పెరట్లోకి నడిచాను. కళ్లు తుడుచుకోవడానికి ఉల్లిపాయల నెపం ఉంది.

ఇక అన్నీ సరిపోతాయనుకున్నాను. మొదటి బంతి వచ్చి పడింది. చూశాను. మళ్లీ చూశాను.

"పావు ఎక్కువ."

"ఎక్కువా?"

"ఎక్కువే."

రెండు నెలలుగా అతని చెయ్యి ఆ ఉంగరానికి తగ్గట్టు తనని తాను దిద్దుకుంటూ వచ్చింది. ఇప్పుడు ఉంగరం లేదు, దిద్దుబాటు మిగిలింది. అతను నడుం మీద చేతులు పెట్టుకుని నవ్వాడు. "సరే. నేర్చుకున్నది మర్చిపోవాలి, అంతే. రెండు రోజులున్నాయి."

మంగళవారం పదింట్లో మూడు సరిగ్గా వచ్చాయి. బుధవారం పదింట్లో ఏడు.

గురువారం నేను గంట సెలవు పెట్టి మైదానం కంచె బయట నిలబడ్డాను. ఉత్తరపు గాలి, ఎండ ఉన్నా చలి. జట్టంతా సగం గుండ్రంగా నిలబడింది. డ్రూక్ గారు పట్టేవాడి వెనక వంగి, ఒక్కో బంతికీ చేతిలోని పలక మీద గీత గీశారు. ముందు గ్రేడీ. ఇరవైలో పదిహేడు. తర్వాత ఎమెట్. నేను కంచె తీగ పట్టుకుని, పట్టేవాడి చేతులు కదులుతాయా లేదా అని మాత్రమే చూశాను. కదిలితే కుట్టు తప్పినట్టు. మొదటి అయిదింట్లో మూడుసార్లు కదిలాయి. తర్వాత పది వరసగా కదల్లేదు. పదహారోదానికి మళ్లీ కదిలాయి. మిగతా నాలుగూ ఎంత బాగా వచ్చాయంటే, జట్టులో ఎవరో చిన్నగా ఈల వేశారు.

పదహారు.

డ్రూక్ గారు పలక చంకలో పెట్టుకుని ఎమెట్ భుజం మీద చెయ్యి వేసి ఏదో అన్నారు. ఎమెట్ తలూపాడు. గ్రేడీ దగ్గరికెళ్లి చెయ్యి కలిపాడు. గ్రేడీ నేల చూశాడు.

ఇంటికి నడుస్తున్నాం. నేను చేతులు కోటు జేబుల్లో పెట్టుకున్నాను, ఉంగరం బొటనవేలికే ఉంది. నేను చెప్పకుండా దాచిన శనివారం సాయంత్రం, ఆదివారం, సోమవారం. నూట ఎనభై బంతులు. నూట ఎనభై బంతులకి ఒక్క కుట్టు తిరగదా.

"లెక్కపెడుతున్నావు కదా" అన్నాడు ఎమెట్.

"లేదు."

"నీవి మూడు రోజులు, డెల్లా. నావి రెండు నెలలు." కొన్ని అడుగులు నడిచాక, "ఎవరు ఎక్కువ పిచ్చివాళ్లో తెలిసిపోతోంది" అన్నాడు.

నేను అతని మోచేతిలో చెయ్యి దూర్చాను. నాలుగువేలమంది కూర్చునే ఆట, మా గడ్డి మీద, అతని ఆఖరి ఆట. అతను బెంచీ దగ్గర నిలబడి చూస్తాడు. ఆ మాట ఇద్దరికీ తెలుసు. దాణా కొట్టు మలుపు దగ్గర అతను ఎడమచెయ్యి చాపాడు. నేను బొటనవేలి ఉంగరం తీసి అతని వేలికి తొడిగాను. వెన్న, దారం ఏమీ అక్కర్లేదు. చలికి వేలు సన్నబడిందేమో, దానంతటదే వెళ్లింది. లారీలోంచి ఎవరో హారన్ కొట్టారు, రోడ్డు మధ్యలో నిలబడ్డామని.

శుక్రవారం నాలుగింటికి వంటగది తలుపు తట్టిన చప్పుడు. తీస్తే గ్రేడీ. చంకలో బంతి, చేతిలో టోపీ. మొహం సున్నం కొట్టినట్టుంది.

"ఎమెట్ ఉన్నాడాండీ?"

"ఉన్నాడు, రా. తిన్నావా?"

"నిన్నట్నుంచి దిగట్లేదండీ."

ఎమెట్ లోపలినుంచి వచ్చాడు. గ్రేడీ అతన్ని చూసి టోపీని గుండ్రంగా తిప్పడం మొదలెట్టాడు.

"పొద్దున్నుంచి సరిగా కుదరట్లేదు అన్నా" అన్నాడు. "ముప్ఫై విసిరాను. తొమ్మిది వచ్చాయి. కోచ్‌కి చెప్పలేదు. నాలుగువేలమంది అనుకుంటే చేతులు నావి కావన్నట్టున్నాయి. నువ్వే వంగాలి. కోచ్‌తో నేను చెబుతా."

గ్రేడీ నిజంగానే అడుగుతున్నాడు. ఎమెట్ మొహం వైపు చూడకుండా ఉండలేకపోయాను. అతను ఊఁ అంటే చాలు. అతను గ్రేడీ చంకలోంచి బంతి తీసుకుని, కుట్టు మీద బొటనవేలితో రాసి, తిరిగి వాడి చేతిలో పెట్టాడు.

"పద, చూద్దాం" అన్నాడు.

పెరట్లో గ్రేడీ వంగాడు. నేను దిండు మీద కూర్చున్నాను. బంతి వచ్చింది.

"సగం తక్కువ" అన్నాను.

ఎమెట్ గ్రేడీ పక్కన గొంతుకూర్చున్నాడు. "నువ్వు డెల్లాని చూడట్లేదు. బంతి వదలకముందే తల ఎత్తేస్తున్నావు, జనాన్ని చూడ్డానికి. ఇక్కడ జనం లేరు కదరా. బట్టలే ఉన్నాయి."

గ్రేడీ నవ్వాడు. నేను వాడి నవ్వు చూడటం అదే మొదటిసారి, అదీ తలకిందులుగా. తర్వాతది పావు తక్కువ. ఆ తర్వాతది నా చేతుల్లో తిన్నగా పడింది, కుట్టు ముందుకి చూస్తూ. నేను ఏమీ అనలేదు. అనక్కర్లేదని ముగ్గురికీ తెలిసింది. వెలుతురు పోయేదాకా విసిరాడు. పదింట్లో ఎనిమిదికి వచ్చాక ఎమెట్ ఆపించాడు.

"ఆట ఒంటిగంటకి" అన్నాడు, గ్రేడీ భుజం మీది మట్టి దులుపుతూ. "రేపు పొద్దున్న ఏడున్నరకి ఇక్కడికి వచ్చెయ్. నేను మోకాలి మీద కూర్చుంటా. డెల్లా కుట్టు చూసి చెబుతుంది. ఇరవై విసిరాక అట్లు పోస్తాను. ఆ తర్వాత ముగ్గురం కలిసి నడిచి వెళదాం."

"సరే అన్నా" అన్నాడు గ్రేడీ.

"ఏడింటికి రా" అన్నాను నేను. "ఏడింటికే వెలుతురొస్తుంది. నలభై వేద్దాం."